వానలు వెనుకబట్టాక పూసే పెరటి మొక్కలు

పెత్రమాసకు ముందురోజు సాయంత్రం బల్లార్‌పూర్ బజారుకు వెళ్లి చూడండి. రోడ్డు పక్కన గోనె పట్టాల మీద తంగేడు కట్టలు, గునుగు కట్టలు పోసుకుని అమ్మేవాళ్లు కూర్చుని ఉంటారు. మన బామ్ని నుంచి, చుట్టుపక్కల గనుల కాలనీల నుంచి వచ్చిన తెలుగు ఆడవాళ్లు వాళ్ల ముందు నిలబడి బేరమాడుతుంటారు. కట్ట విప్పి చూస్తే పైన నాలుగు రెమ్మలు పచ్చగా, లోపలంతా వడలిపోయి ఉంటుంది. ఎక్కడో తెల్లవారుజామున కోసి, రైల్లోనో బస్సులోనో తెచ్చిన పువ్వు మరి. అయినా కొనక తప్పదు. తంగేడు లేని బతుకమ్మను పేర్చడానికి చేతులు రావు కదా!

మా అమ్మమ్మ ఉన్న రోజుల్లో ఈ బేరం చూసి నవ్వేది. “పువ్వు కొనేది దేవుడి గుడికి మల్లెపూలైతే సరే. తంగేడు కొనుడేందిరా?” అనేది. ఆమె చిన్నతనంలో ఊరి బయట అడుగు పెడితే తంగేడు, చేను గట్టు ఎక్కితే గునుగు. ఇప్పుడు గట్ల మీద కలుపు మందు కొడుతున్నారు. బీడు భూముల్లో ప్లాట్లు వేశారు. కొంత నేల గనుల కిందికి పోయింది. పూలు దొరికే చోటు ఏటేటా దూరం జరుగుతోంది.

అందుకని ఈవేళ మీతో పెరటి సంగతి మాట్లాడదామని వచ్చాను. వానలు వెనుకబట్టిన దగ్గర నుంచి, అంటే భాద్రపదం నుంచి కార్తీకం దాకా పూస్తూ ఉండే మొక్కలు, అందులోనూ ఏటా విత్తనం వేసే పని లేకుండా ఒకసారి నాటితే కొన్నేళ్లు నిలిచే మొక్కలు. వీటినే పుస్తకాల్లో బహువార్షికాలు అంటారు. మన సరిహద్దు ఇళ్లకు ఈ రెండు నెలల పూల అవసరం ఇంతా అంతా కాదు. వినాయక చవితితో మొదలవుతుంది. ఆ వెంటనే మరాఠీ ఇళ్లలో మహాలక్ష్ములను కూర్చోబెడతారు. పెత్రమాస నుంచి మన బతుకమ్మ తొమ్మిది రోజులు. అవే రోజుల్లో విదర్భ ఆడపిల్లల భులాబాయి పాటలు. ఆ తరువాత దసరా, దీపావళి. బామ్నిలో ఒకే వాకిట్లో ఈ పండుగలన్నీ వచ్చిపోతాయి.

చలి దేశాల తోట పుస్తకాలు తిరగేస్తే, వేసవి చివరి పూలు అని ఒక అధ్యాయం తప్పకుండా కనిపిస్తుంది. రుడ్‌బెకియా, హెలీనియం వంటి పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగుల పూలు. మన బంతికీ పొద్దుతిరుగుడుకూ దూరపు చుట్టాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో విరగబూసి, మంచు పడగానే పైభాగమంతా ఎండిపోతుంది. వేరు మాత్రం నేలలో పడుకుని ఉంటుంది. వసంతం రాగానే మళ్లీ చిగురిస్తుంది. అక్కడి తోటమాలి మొక్కను చలి నుంచి కాపాడుకుంటే చాలు.

ఆ పుస్తకం చదివి, ఆ బొమ్మలు చూసి, ఆ విత్తనాల పొట్లమే తెప్పించుకుంటే ఏమవుతుంది? నేను తెప్పించుకుని చూశాను. బాగానే మొలిచాయి, శీతాకాలంలో నాలుగు పూలు కూడా పూశాయి. ఏప్రిల్ చివరకు ఒక్కటీ మిగల్లేదు. తప్పు విత్తనానిది కాదు. ఆ మొక్కకు పడుకునే కాలం చలికాలం. మన దగ్గర మొక్క పడుకోవలసినది మే నెలలో. చంద్రపూర్ జిల్లా ఎండలు దేశంలోనే పేరుపడ్డవి. మే నెలలో 46, 47 డిగ్రీల సెల్సియస్ ఇక్కడ వింతేమీ కాదు. కాబట్టి మనం వెతుక్కోవలసినది మంచును ఓర్చే మొక్కను కాదు, మే నెలను దాటగల మొక్కను.

మే నెల ఒక్కటే గండమా అంటే కాదు. రెండో గండం జూలైలో ఉంది. చాలామంది దీన్ని గుర్తించరు. ఎండాకాలమంతా చెంబుతో నీళ్లు పోసి, చీర కొంగు కప్పినంత జాగ్రత్తగా కాపాడుకున్న చేమంతి, వానలు మొదలైన మూడో వారంలో పసుపుపచ్చగా మారి కూలిపోతుంది. “నీళ్లు బాగా అందాయి కదా, ఎందుకు చచ్చింది?” అని ఆశ్చర్యపోతారు. నీళ్లు అందే చచ్చింది! మనది రేగడి నేల. వానకు ఉబ్బి, బంకలా మారి, నీటిని కిందికి దిగనివ్వదు. వేళ్లకు గాలి ఆడదు, కుళ్లు పడుతుంది. అదే రేగడి ఎండకు బిగిసి పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలో సన్న వేళ్లు తెగిపోతాయి. పత్తికి మంచిదైన నేల పూలమొక్కకూ మంచిదే అనుకోకూడదు. వర్ధా నది ఒడ్డున ఉన్న మనకు నాలుగు నెలల్లో 1000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఆ నీరు మొక్క మొదట్లో నిలవకుండా చేయడమే సగం తోటపని.

ఇందుకు ఉపాయం తేలికైనదే. మడిని నేలకు జానెడు ఎత్తులో కట్టండి. చుట్టూ పగిలిన ఇటుకలో రాళ్లో పేర్చి, లోపల మీ పెరటి మట్టి రెండు పాళ్లు, ఎర్రమట్టి గాని సన్న మొరం గాని ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపండి. ఇసుక దొరికితే కొంచెం చాలు. రేగడిలో ఇసుక ఒక్కటే కలిపితే కొన్నాళ్లకు గచ్చులా గట్టిపడుతుంది, ఎరువు తోడుండాలి. ఇంకొక్క మాట. మన వైపు ఇళ్లలో బొగ్గు కుంపటి బూడిదను చెట్ల మొదట్లో కుమ్మరించే అలవాటు ఉంది. కట్టెల బూడిద పిడికెడు వేస్తే మొక్కకు మేలే. రాక్షసి బొగ్గు బూడిద వేరు. అందులో మొక్కకు గాని మనకు గాని పనికిరానివి చాలా ఉంటాయి. దాన్ని మడిలో వేయకండి.

ఇక మొక్కల్లోకి వద్దాం. మొదటి పీట తంగేడుకే.

“పెరట్లో తంగేడా? అది బీడుల్లో మొలిచే చెట్టు కదా” అంటారు మీరు. మా ఇంట్లోనూ అలాగే అన్నారు. కాని ఆలోచించండి. బీడులో ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ ఎరువు వేయకుండా, ఆ 47 డిగ్రీల ఎండలో నిలబడి, ఆశ్వయుజానికి ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు విరిసే మొక్క మరొకటి ఏదైనా ఉందా? ఆకు పశువు ముట్టదు, అదొక లాభం. పూర్వం తోలు పదును చేయడానికి దీని చెక్క వాడేవారు. ఆ గిరాకీకి ఎక్కడెక్కడి పొదలూ నరికారు కూడా. 2014లో తెలంగాణ రాష్ట్రం దీన్ని తన రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. నది ఇవతల మన మరాఠీ ఇరుగుపొరుగు దీన్నే తరవడ్ అంటారు.

తంగేడు గింజకు పెంకు గట్టిది. ఊరికే మట్టిలో వేస్తే నెలల తరబడి పడి ఉంటుంది. ఎండిన కాయల నుంచి గింజలు తీసి, బాగా కాగిన నీళ్లు పొయ్యి మీద నుంచి దించి, కొంచెం ఆగి, గింజలు అందులో వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఉబ్బిన గింజలను మాత్రం ఏరి నాటండి. ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టవచ్చు. తొలి వాన పడ్డాక జూన్‌లో, పెరిగే చోటనే మూడు నాలుగు గింజలు నాటి, తరువాత బలమైనది ఒకటి ఉంచండి. కుండీలో పెంచి మార్చి నాటడం దీనికి నచ్చదు. తల్లివేరు నిలువునా లోతుకు పోతుంది, అది తెగితే మొక్క తేరుకోదు. బీడులోంచి పెరికి తెచ్చిన తంగేడు బతకకపోవడానికి కారణం ఇదే. మొదటి ఎండాకాలం వారానికి ఒక బిందె నీళ్లు పోయండి. ఆ తరువాత దాన్ని మరచిపోయినా అది మిమ్మల్ని మరచిపోదు. రెండో ఏటికి పూలు చూస్తారు.

పూత అంతా కొత్త కొమ్మల మీద వస్తుంది. అందుకని తొలకరికి ముందు, మే చివర్లో, కొమ్మలను మూడో వంతు కత్తిరించండి. జూన్, జూలైల్లో గుబురుగా చిగురించి, ప్రతి చిగురు కొసకూ పూగుత్తి వేస్తుంది. బతుకమ్మకు కోసేటప్పుడు కొమ్మ విరవకండి, గుత్తి వరకే కత్తెరతో తీయండి. తొమ్మిది రోజులూ అదే పొద మళ్లీ మళ్లీ ఇస్తుంది. రెండు పొదలుంటే ఒక ఇంటికి సరిపోతుంది, మూడుంటే పక్కింటికి కూడా.

తంగేడు వల్ల కష్టం ఒకటే. మడిలో నీళ్లు నిలిస్తే దానికి కోపం. పెరట్లో అన్నిటికన్నా మెరక, అన్నిటికన్నా ఎండ తగిలే మూల దానికి ఇవ్వండి.

తరువాత చేమంతి. మరాఠీలో శేవంతి. నా వరకు నాకు అన్నిటికన్నా ఎక్కువ పాఠాలు నేర్పింది ఇదే. దీన్ని పోగొట్టుకున్నన్ని సార్లు మరే మొక్కనూ పోగొట్టుకోలేదు.

చేమంతి పూత అయిపోగానే, పుష్యమాసం అటూఇటూ, ఎండిన కొమ్మలను నేలకు జానెడు ఎత్తున కోసేయాలి. కొన్నాళ్లకు మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి. చాలామంది పిలకలను అలాగే వదిలేసి, వాటి మీదే ఎండాకాలం దాటాలని చూస్తారు. అలా కాదు. ఫిబ్రవరిలో పిలకలను వేరుతో సహా విడదీసి, ఒక్కొక్కటీ చిన్న కుండీలో నాటి, వేపచెట్టు నీడలోనో గోడకు తూర్పు వైపునో పెట్టండి. పొద్దుటి ఎండ మాత్రమే తగలాలి. మే నెలలో ఆ పిలక పెరగదు. పెరగాలని ఎరువు వేయకండి. బతికి ఉంటే చాలు. జూన్ చివర్లో, వానలు కుదురుకున్నాక, ఎత్తు మడిలోకి మార్చండి.

మార్చిన నాలుగు వారాలకు కొస చిగురును గోటితో తుంచాలి. తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. మరో మూడు నాలుగు వారాలకు ఆ కొమ్మల కొసలు కూడా తుంచండి. ఆగస్టు మధ్యకల్లా తుంచడం మానేయాలి. ఆ తరువాత తుంచితే మొగ్గనే తుంచినట్టు. తుంచడానికి మా ఇంట్లో ఎవరికీ మనసొప్పేది కాదు. తుంచని మొక్క నిలువునా పెరిగి, నాలుగు పూలు పూసి, గాలికి వంగిపోయేది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వారు తుంచే పని, కర్ర పాతే పని లేని పొట్టి చేమంతి రకాలు తయారు చేశారు. నర్సరీలో అడిగితే అటువంటివి దొరకవచ్చు. కుండీలకు అవి బాగుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఏడాది మా ఇంట్లో చేమంతి అద్భుతంగా పెరిగింది. పచ్చగా, గుబురుగా, నడుము ఎత్తు వచ్చింది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, మొగ్గ లేదు. మా పక్కింటి మరాఠీ ఆవిడ, మేమంతా వహినీ అని పిలుస్తాం, ఆమె వాకిట్లో మా పిలకలే నాటింది, ఆమె చేమంతి మాత్రం పసుపు ముద్దలా పూసింది. ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేశాం. ఆకు పెరిగింది తప్ప పువ్వు రాలేదు. చివరకు వహినీయే వచ్చి ఒక సాయంత్రం నిలబడి చూసి, “అహో, మీ చేమంతికి నిద్ర ఎక్కడుంది? రాత్రంతా దీపం కిందే ఉంది కదా” అంది. చూస్తే నిజమే. ఆ ఏడాదే మా గోడ పక్కన వీధి దీపం వేశారు. వెలుగంతా సరిగ్గా చేమంతి మడి మీద పడుతోంది.

వహినీ నవ్వుతూ అన్న మాట వెనుక పెద్ద శాస్త్రమే ఉంది. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. వాళ్ల దగ్గర ఒక పొగాకు రకం వేసవిలో ఎంత పెరిగినా పూసేది కాదు. దాన్ని రోజూ సాయంత్రం పెందరాళే చీకటి గదిలో పెడితే పూసింది. కొన్ని మొక్కలు పగలూ రాత్రీ ఎంత పొడవుందో చూసుకుని పూతకు వస్తాయని అలా తేలింది. ఆ తరువాత జరిగిన పరిశోధనల్లో అవి ముఖ్యంగా కొలుచుకునేది చీకటి పొడవునని తెలిసింది. చేమంతి ఆ కోవలోనిదే. మన ప్రాంతంలో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకు 11 గంటలకు దిగుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో రాత్రి పొడుగవుతుండగా చేమంతి మొగ్గ వేయడం మొదలుపెడుతుంది. ఆ చీకటిని నడిమధ్యలో దీపం చెడగొడితే, దానికి ఇంకా వేసవే. వ్యాపారానికి పెంచేవాళ్లు ఇదే కిటుకును తిప్పి వాడుకుంటారు. తోటలో దీపాలు వెలిగించి పూతను ఆపుతారు, నల్లని గుడ్డ కప్పి పూతను ముందుకు తెస్తారు.

మనకు అంత హంగు అక్కరలేదు. వీధి దీపం, వరండా బల్బు, గని వైపు పెద్ద దీపాల వెలుగు పడని చోట చేమంతి నాటండి. అటువంటి చోటు లేకపోతే కుండీల్లో పెంచి, ఆగస్టు చివరి నుంచి సాయంత్రం ఇంటి వెనక్కి జరుపుకోండి. మేము మరుసటి ఏడు మడిని ఇంటి వెనక్కి మార్చాం, పూసింది. అయితే ఒక నిజం చెప్పాలి. మామూలు చేమంతి బతుకమ్మకు చాలాసార్లు అందదు. తొలి రకాలైతే దసరా వేళకు విచ్చుకుంటాయి. మిగతావి దీపావళికీ, ఆపైన కార్తీక దీపాలకూ వస్తాయి. చేమంతి మీద ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే బతుకమ్మకు బజారుకు వెళ్లక తప్పదు.

చేమంతి లేత కొసలకు నల్లపేను పడుతుంది. లీటరు నీటికి చిన్న చెంచాడు వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

ఇక ఏమీ చేయకపోయినా పూసే మొక్క ఒకటి చెప్పనా? చంద్రకాంత. మరాఠీలో గుల్‌బక్షీ. సాయంత్రం నాలుగింటికి, అయిదింటికి విచ్చుకుని, రాత్రంతా పరిమళించి, పొద్దునకు ముడుచుకుంటుంది. గులాబీ రంగు, పసుపు, తెలుపు, ఒకే పువ్వులో రెండు రంగుల చారలు. పుట్టిల్లు అమెరికా ఖండాలైనా, ఇక్కడి మొక్కేనేమో అనిపించేంతగా కలిసిపోయింది. దీనికి నేలలో నల్లని లావు దుంప ఉంటుంది. ఎండాకాలం వచ్చేసరికి పైన కాడంతా ఎండి రాలిపోతుంది. చచ్చిందనుకుని తవ్వి పారేయకండి! చలి దేశపు మొక్కలు మంచులో పడుకున్నట్టు ఇది మే నెలలో పడుకుంటుంది. తొలకరి వాసన తగలగానే లేస్తుంది. జూలై నుంచి నవంబరు దాకా పూలే పూలు. గింజలు మిరియాల్లా నల్లగా ఉంటాయి. ఆ గింజా, ఆ దుంపా విషం. చిన్నపిల్లలు మిరియాలనుకుని నోట్లో పెట్టుకోకుండా చూడండి.

ఇలా ఎండలో పడుకుని వానలో లేచే మొక్క మన అడవుల్లో సొంతంగా కూడా ఒకటుంది. అదే అడవినాభి. మరాఠీలో కళలావీ. వానాకాలంలో కంచెల మీదికి ఆకు కొసలతో పట్టుకుని ఎగబాకి, నిప్పు రవ్వల్లాంటి ఎరుపు, పసుపు పూలు పూస్తుంది. అందానికి సాటి లేదు. కాని దాని దుంప మనిషి ప్రాణం తీయగల విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు. అడవిలో చూసి సంతోషించి రండి.

స్నానాల గది నీళ్లు పారే మూల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అక్కడ మెట్టతామర పెట్టండి. మరాఠీ వాళ్లు కర్దళ్ అంటారు. ఎరుపు, పసుపు, మచ్చల పూలు. తడి ఎంత ఉన్నా దీనికి సరే. చేమంతి కుళ్లిపోయే చోట ఇది రాజ్యం చేస్తుంది. పూసిన కాడ మళ్లీ పూయదు, దాన్ని మొదలుకు కోసేస్తే పక్క పిలక లేస్తుంది. రెండేళ్లకోసారి దుంపలు తవ్వి విడదీసి, మిగిలినవి పంచిపెట్టండి. లేకపోతే ఒకదాన్నొకటి నొక్కుకుని పూత తగ్గుతుంది.

కనకాంబరం గురించి తలలో పూలు పెట్టుకునే ఇంటివాళ్లకు నేను చెప్పేదేముంది? మరాఠీలో అబోలీ. అబోలీ అంటే మాట్లాడనిది అని అర్థం వస్తుంది. వాసన లేని పువ్వు కదా, ఆ పేరు నాకు ఎప్పుడూ చక్కగా తోస్తుంది. సగం నీడలో బాగుంటుంది. దీనికి నులిపురుగులు వేళ్లకు పట్టి మొక్క ఉన్నట్టుండి వాడిపోతుంది. అటువంటి చోట మళ్లీ కనకాంబరమే నాటకుండా ఒక ఏడాది బంతి వేయండి. బంతి వేళ్లు నులిపురుగును అణచివేస్తాయి. ఢిల్లీ కనకాంబరం అనే నారింజ రంగు రకం గింజ కట్టదు, కొమ్మ ముక్కలతోనే పెంచుకోవాలి. జూలై ముసురులో ముక్కలు గుచ్చితే తేలికగా వేళ్లు పోస్తాయి.

చలి దేశపు పుస్తకంలోని ఆ పసుపు, ఇటుక రంగుల బొమ్మల మీద ఇంకా మనసుంటే, గైలార్డియా వేయండి. అది కూడా ఉత్తర అమెరికా నుంచి వచ్చిందే, కాని ఎండను తట్టుకుంటుంది. మహారాష్ట్రలో దీన్ని దండల కోసం పొలాల్లో కూడా పెంచుతారు. ఎర్రని రేకులకు పసుపు అంచు. ఒక రకం ఏడాదితో పోతుంది, ఒక రకం రెండు మూడేళ్లు నిలుస్తుంది. పోయినా దిగులు లేదు, కింద రాలిన గింజలే మళ్లీ మొలుస్తాయి. వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచుతుంటే కొత్తవి వస్తాయి.

చోటు ఎక్కువున్నవాళ్లు ఒక పారిజాతం పెట్టుకోవచ్చు. అది చిన్న చెట్టు అవుతుంది. రాత్రి పూసి తెల్లవారేసరికి రాలుతుంది కాబట్టి కింద నున్నగా అలికి ఉంచుకుంటే ఏరుకోవడం సుఖం. మందారం, నందివర్ధనం మీకు తెలిసినవే. తొలకరికి ముందు కత్తిరించడం మాత్రం మరవకండి.

గునుగు మాటేమిటి అని అడుగుతారు. గునుగు ఏడాది మొక్క. మరాఠీలో కుర్డూ. బంతి కూడా అంతే. వీటికి దుంపా లేదు, పిలకా లేదు. గింజే దిక్కు. అయినా ఒక ఉపాయం ఉంది. బతుకమ్మకు కోసేటప్పుడు నాలుగు గునుగు కంకులు మొక్క మీదే వదిలేయండి. ముదిరి, నల్లని సన్న గింజలు రాలుతాయి. ఆ చోటును తవ్వకుండా వదిలితే మరుసటి వానకు దానంతట అదే లేస్తుంది. మా పెరట్లో ఆరేడేళ్లుగా గునుగు గింజ కొన్నది లేదు, చల్లింది లేదు. పొలం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని పెరట్లోనే కట్టడి చేసుకోండి. చేనులో అది కలుపే.

నీళ్ల విషయం చెప్పి ముగిస్తాను. మే నెలలో మనకు తాగడానికే నీళ్లు కరువైన రోజులుంటాయి. పూలమొక్కకు బిందె పోయమంటే ఇంట్లో కోప్పడతారు, న్యాయమే. అందుకని పాతకాలపు పద్ధతి ఒకటి. మూతి చిన్నదైన మట్టి కుండను, పాలిష్ లేనిదాన్ని, మొక్కకు మూరెడు దూరంలో మెడ దాకా పూడ్చి నీళ్లు నింపి, దోమలు చేరకుండా మూత పెట్టండి. కుండ గోడ గుండా నీరు మెల్లగా చెమర్చి వేళ్లకు అందుతుంది. మట్టి తడిగా ఉంటే కుండ ఆగుతుంది, పొడిబారితే వదులుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలో కూడా ఈ పద్ధతి రాసి ఉంది. పగిలిన కుండ అయినా పగులు పైభాగాన ఉంటే పనికొస్తుంది. మొక్క చుట్టూ ఎండుటాకులో వరిగడ్డో పరచండి, కాండానికి జానెడు ఎడం వదలండి. లేకపోతే చెదలు పడతాయి. బొగ్గు ధూళి ఆకుల మీద పేరుకుంటే వారానికోసారి చల్లని పొద్దున పూట కడగండి. బియ్యం కడిగిన నీళ్లు మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు.

మొక్కల కోసం డబ్బు పెట్టవలసిన పని కూడా పెద్దగా లేదు. ఫిబ్రవరిలో చేమంతి పిలకలు, జూన్‌లో గుల్‌బక్షీ దుంపలు, జూలైలో అబోలీ ముక్కలు అని ఇరుగుపొరుగును ఆ పేర్లతోనే అడగండి. కాదనేవాళ్లు తక్కువ. నిరుడు చలికాలంలో వహినీ మా గోడ మీద నుంచి చెయ్యి చాచి తరవడ్ గింజలు అడిగింది. దోసెడు ఇచ్చాను, వేడినీళ్ల సంగతి కూడా చెప్పాను. ఈ తొలకరికి ఆమె పెరట్లో మూడు మొలిచాయి. ఒకటి కోడి గీరేసింది, రెండు ఉన్నాయి.